కనుమ తెరిచినవారు

తెలుగులో కనుమ అంటే అసలు అర్థం రెండు కొండల నడుమ దారి. బడి పుస్తకాల్లో తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని చదివి చదివి, కనుమ అంటే కొండల వరుసే అనుకోవడం మనకు అలవాటైంది. నీలం నగర్‌లో ఆ మాట కూడా అంతగా వినిపించదు. మనం ఘాట్ అంటాం. పుణె దాటాక ముంబై బండి మెల్లమెల్లగా దిగేది ఘాట్. లదాఖ్ వాళ్ళు దానినే ‘లా’ అంటారు. జోజి లా, బారాలాచా లా, ఖార్దుంగ్ లా అన్న పేర్లలో ఉన్నది ఆ మాటే. ఏ పేరు పెట్టినా వస్తువు ఒకటే. అడ్డం నిలిచిన కొండలో మనిషి వెతికి పట్టుకున్న సందు అది.

ఆ సందుల్లో బాగా ఎత్తున ఉన్నవి ఏటా నెలల తరబడి మంచు కింద పూడిపోతాయి. వసంతం రాగానే మనుషులు వెళ్ళి, మంచు కోసి, కింద ఉన్న రోడ్డును మళ్ళీ బయటికి తీస్తారు. ఆ పని పూర్తిగా ముగియక ముందే, మోటారు బండ్లను ఇంకా వదలక ముందే, సైకిళ్ళ మీద ఆ దారిన ఎక్కేవాళ్ళు కొందరుంటారు. హిమాలయాల్లోనూ, అమెరికాలోని రాకీ కొండల్లోనూ ఈ సరదా ఉంది. వాళ్ళ సాహసం గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ చక్రం కింద ఉన్న దారిని తెరిచినవాళ్ళ గురించి రాసేవాళ్ళు తక్కువ. ఈ వ్యాసంలో ఆ రెండో చరిత్రను కొంత చెప్పుకుందాం.

షోలాపూర్ సముద్రమట్టానికి సుమారు 460 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఏప్రిల్‌లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మరి నీలం నగర్ నేతగాడికి మంచు దారుల ఊసెందుకు అని ఎవరైనా అడగవచ్చు. నూలు కట్టలైనా, బీడీ ఆకు మూటలైనా సైకిలు కారియర్ మీద మోసిన పేట ఇది. ఇక్కడ మగ్గం దిగిన చాదర్ ఎంత దూరమైనా పోయి చలి కాస్తుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఒక కనుమ తెరుచుకోకపోయి ఉంటే నీలం నగర్ అనే పేటే ఈ రూపంలో ఉండేది కాదు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు మంచు దారి ఎలా తెరుచుకుంటుందో చూద్దాం.

హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి ఊరు సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి 51 కిలోమీటర్ల దూరంలో, 3,978 మీటర్ల ఎత్తున రోహ్తాంగ్ కనుమ ఉంది. ఆ పేరుకు శవాల మైదానం అని అర్థం చెబుతారు. కాలినడకన దాటబోయి అకాల మంచు తుఫానుల్లో చిక్కి చనిపోయినవాళ్ళ జ్ఞాపకం ఆ పేరులో నిలిచిపోయింది. కనుమకు ఇటు కులూ లోయ, అటు లాహౌల్. చలికాలంలో పడిన మంచు వసంతానికి గట్టిపడి, కొన్నిచోట్ల రెండు నిలువుల ఎత్తున పేరుకుని ఉంటుంది.

మంచు కింద రోడ్డు ఎక్కడుందో పైనుంచి చూస్తే తెలియదు. కొండవాలు, రోడ్డు, లోయ అంచు అన్నీ ఒకే తెల్లటి వాలుగా కనబడతాయి. పడుగులో తెగిన పోగును వెతికినట్టు ముందు రోడ్డును వెతకాలి. అంచున పాతిన గుర్తు కర్రలు, పాత పనివాళ్ళ జ్ఞాపకం, ఈ కాలంలో ఉపగ్రహాల సాయం అందుకు పనికొస్తాయి. డోజర్ ముందు పోయి పైపొరలను తోస్తుంది. దాని వెనక స్నో కట్టర్ తిరిగే కత్తులతో మంచును లోపలికి లాక్కుని, గొట్టంలోంచి లోయ వైపు చిమ్ముతుంది. మంచు చరియతో పాటు బండరాళ్ళు వచ్చి పడ్డచోట ఆ కత్తులు పనిచేయవు. అక్కడ జేసీబీ కావాలి, చివరకు మనిషి చేతిలో పార కావాలి. ఇంత చేసి తెరిచిన దారిని ఒక్క రాత్రి కురిసిన మంచు మళ్ళీ పూడ్చేయవచ్చు. మర్నాడు తెల్లవారి అదే పని మళ్ళీ మొదటి నుంచి చేయాలి. పెద్ద కనుమల్లో రెండు వైపుల నుంచీ జట్లు తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకుంటాయి.

మొదట కోసిన దారి ఒక బండి వెడల్పే ఉంటుంది. అటూ ఇటూ మంచు గోడలు. ఎదురెదురుగా రెండు మోటార్లు వస్తే తప్పుకునే చోటు ఉండదు కనుక యాత్రికుల బండ్లను కింద గేటు దగ్గరే ఆపుతారు. సైకిలుకు జానెడు చోటు చాలు. అడ్డంగా మంచు పడి ఉంటే దాన్ని భుజాన వేసుకుని నడిచి దాటవచ్చు. అందుకే అనుమతి దొరికిన చోట, పనికి విరామం ఉన్న వేళ, మోటార్ల కన్నా ముందు సైకిళ్ళు ఆ దారిన పోతాయి.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో దీనికి ఒక పద్ధతే ఏర్పడింది. అక్కడి గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో ‘గోయింగ్ టు ద సన్’ అనే కొండ రోడ్డు ఉంది. 1933లో దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. అది 2,026 మీటర్ల ఎత్తున లోగన్ కనుమను దాటుతుంది. కనుమకు కొంచెం తూర్పున ‘బిగ్ డ్రిఫ్ట్’ అని పేరుపడ్డ మంచు గుట్ట కొన్నేళ్ళలో 80 అడుగుల దాకా పేరుకుంటుంది. వసంతంలో ఆ రోడ్డు మోటార్లకు మూసి ఉండగానే, నడిచేవాళ్ళనూ సైకిళ్ళవాళ్ళనూ గేటు దాటి పోనిస్తారు. యంత్రాలు పనిచేసే రోజుల్లో ఒక హద్దు, పని ఆగిన రోజుల్లో ఇంకొంచెం పై హద్దు పెడతారు. మంచు చరియల భయం ఉన్నచోట ఎవరినీ పోనివ్వరు. మోటారు చప్పుడు లేని కొండ రోడ్డు మీద సైకిలు తొక్కడం కోసం జనం ఆ కొద్ది వారాలకు ఏడాదంతా ఎదురుచూస్తారు.

ఆ తొక్కుడు సులభం కాదు. నాలుగు వేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో దాదాపు 60 శాతమే ఉంటుంది. గుండెలనిండా పీల్చినా ప్రాణవాయువు చాలదు. మనాలి నుంచి రోహ్తాంగ్ దాకా ఎక్కుడు సగటున నూటికి నాలుగుకు కొంచెం తక్కువ. అంకె చూస్తే పెద్దదిగా కనబడదు, కానీ 50 కిలోమీటర్ల పాటు ఎడతెగని ఎక్కుడు అది. మంచు మీద పడిన ఎండ కళ్ళను మాడ్చేస్తుంది. నల్లద్దాలు లేకపోతే సాయంత్రానికి చూపు మసకబారుతుంది. పొద్దెక్కిన కొద్దీ మంచు గోడలు కరిగి రోడ్డు మీద నీళ్ళు పారతాయి. ఉదయం పాదం తడవకుండా దాటిన వాగు మధ్యాహ్నానికి మోకాలి లోతు అవుతుంది. రాత్రికి ఆ నీరు గడ్డకట్టి, తెల్లవారేసరికి రోడ్డు మీద గాజుపలకలా పరుచుకుంటుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు చలిగా మారుతుంది. వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు పట్టు చిక్కదు. అనుభవం ఉన్నవాళ్ళు తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరక ముందే ప్రమాదపు చోట్లు దాటేస్తారు.

ఎక్కుడులో సైకిలు గంటకు ఆరేడు కిలోమీటర్లు కూడా పోదు. ఇంచుమించు మనిషి నడక వేగం. ఆ వేగంలో పోయేవాడికి దారి పక్క పనివాళ్ళ ముఖాలు కనబడతాయి. గుడ్డ చుట్టుకున్న తలలు, ఎండకూ చలికీ నల్లబడి పగిలిన చెంపలు, చేతిలో పార. కారులో పోయేవాడికి కిటికీలోంచి మంచు గోడ ఒక్కటే కనబడుతుంది. నా దృష్టిలో మంచు కనుమ మీద సైకిలు ప్రయాణానికి ఉన్న అసలు విలువ ఈ చూపులోనే ఉంది. అది దొరికాక కూడా ఆ ముఖాలను తలచని యాత్రా కథనాలు ఎన్నో ఉన్నాయి.

యంత్రాలు రాకముందు సంగతి చూడండి. ఆస్ట్రియాలో గ్రోస్‌గ్లోక్నర్ అనే కొండ రోడ్డును 1935 ఆగస్టు 3న తెరిచారు. 2,500 మీటర్ల ఎత్తు దాటే ఆ రోడ్డు మీద తొలి సంవత్సరాల్లో మంచును పారలతోనే ఎత్తిపోసేవాళ్ళు. 350 మంది మనుషులు 70 రోజులు పనిచేస్తే ఒక్క బండి పట్టేంత దారి తెరుచుకునేది. ఆ రోడ్డును రూపొందించిన ఇంజనీరు ఫ్రాంజ్ వాలాక్ 1953లో మంచు చిమ్మే యంత్రాలను తయారు చేయించాడు. వాలాక్ పేరు ఆ యంత్రాలకు నిలిచింది. 350 మంది పారల వాళ్ళ పేర్లు దేనికీ నిలవలేదు.

రోహ్తాంగ్‌కు అవతల లాహౌల్ వాళ్ళకు ఏటా దాదాపు ఆరు నెలలు బయటి లోకంతో దారి తెగిపోయేది. వసంతంలో రోడ్డు ఎప్పుడు తెరుచుకుంటుందా అని లోయ అంతా ఎదురుచూసేది. రోగిని తీసుకుపోవాలన్నా, చదువుకు పోయిన పిల్లవాడు ఇల్లు చేరాలన్నా కనుమే దిక్కు. ఆగలేనివాళ్ళు మంచు మీద నడిచే దాటేవాళ్ళు. వాళ్ళకోసం ప్రభుత్వం ఇటు మఢీలోను, అటు కోక్సర్‌లోను సహాయ శిబిరాలు నడిపేది. 2020 అక్టోబర్ 3న అటల్ సొరంగం తెరుచుకున్నాక లాహౌల్‌కు ఆ ఇక్కట్టు తీరింది. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం కొండ కింది నుంచే లోయను కలిపింది. ఇప్పుడు రోహ్తాంగ్ మీదికి పోయేది ఎక్కువగా వేడుక చూడవచ్చినవాళ్ళే. వాళ్ళకు సంబరమైన మంచు గోడ ఒక తరం కిందట లాహౌల్ తల్లులకు గుండెల మీది బరువు.

సైకిలు పందేల చరిత్రలోకి కనుమలు ఎలా వచ్చాయో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఫ్రాన్స్ దేశపు ‘టూర్ ద ఫ్రాన్స్’ పందెం 1910లో మొదటిసారి పిరెనీస్ కొండల్లోని ఎత్తైన కనుమలకు ఎక్కింది. అంతకుముందు దారి చూసి రమ్మని పంపితే, అల్ఫోన్స్ స్టెనెస్ అనే పాత్రికేయుడు 2,115 మీటర్ల తుర్మాలె కనుమ మీద మంచులో చిక్కుకున్నాడు. కారు వదిలి, చీకట్లో నడిచి, చావు తప్పి కిందికి దిగాడు. దిగి, రోడ్డు చాలా బాగుందని తంతి కొట్టాడు. ఆ ఏడాది జులై 21న ఆ కనుమలెక్కిన అక్తావ్ లాపీజ్ నిర్వాహకులను చూసి హంతకులని అరిచాడు. ఆ రోజు పందెం గెలిచిందీ అతనే. 1933 నుంచి ఆ పందెంలో కనుమలను ముందుగా ఎక్కేవాడికి కొండల రాజు అన్న గౌరవం దక్కుతోంది.

మన పక్కనా అటువంటి రాజు ఉన్నాడు. ముంబై నుంచి పుణెకు దశాబ్దాలుగా సాగిన సైకిల్ పందెంలో బోర్ ఘాట్‌ను అందరికన్నా ముందు ఎక్కినవాణ్ణి మరాఠీలో ‘ఘాటాచా రాజా’ అన్నారు. పాత ముంబై-పుణె రోడ్డు మీద, ఆ రాజు ఎక్కే మలుపుల్లోనే, ఒక చిన్న గుడి ఉంది. శింగ్రోబా గుడి అంటారు. శింగ్రోబా ధన్‌గర్ కులపు గొర్రెల కాపరి. ఘాట్‌లో దారి కోసం ఇంగ్లీషు ఇంజనీర్లు తంటాలు పడుతుంటే, తన మంద తిరిగే జాడ పట్టుకుని దారి చూపింది అతనేననీ, దారి చూపించుకున్నాక దొరలు అతన్ని కాల్చేశారనీ ఆ ప్రాంతపు జనం చెప్పుకుంటారు. ఇది జనశ్రుతి. దీనికి దస్తావేజు అడిగితే దొరకదు. కానీ పోయే లారీ డ్రైవర్లు అక్కడ ఆగి దండం పెట్టుకుంటారు. దారి తెరిచినవాడికి ప్రాణం పోయిందన్న ఎరుక జనంలో గట్టిగా ఉందనడానికి ఆ దండమే సాక్ష్యం.

దస్తావేజులు ఉన్న చరిత్ర కూడా దీనికి దూరం కాదు. బోర్ ఘాట్‌లో బండ్ల రోడ్డు 1830లో తెరుచుకుంది. అదే ఘాట్ మీద రైలు దారి పని 1856లో మొదలైంది. సుమారు 15 మైళ్ళ దూరంలో 1,831 అడుగుల ఎత్తు ఎక్కాలి. అందుకు 25 సొరంగాలు తొలవాలి. మొదటి కంట్రాక్టరు హయాంలో, 1859లో, కూలి డబ్బులు అందక కూలీలు తిరగబడ్డారు. అతను పని వదులుకున్నాడు. తర్వాత వచ్చిన సోలమన్ ట్రెడ్‌వెల్ కొద్ది రోజులకే జబ్బుతో చనిపోగా, అతని భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ కంట్రాక్టు తన పేర తీసుకుని, ఇంజనీర్లను పెట్టి పని పూర్తి చేయించింది. పని ముమ్మరంగా సాగిన 1861లో అక్కడ 42,000 మందికి పైగా కూలీలు ఉన్నారు. కలరా, జ్వరాలు, మందుగుండు, విరిగిపడ్డ బండలు వేలమందిని పొట్టన పెట్టుకున్నాయి. 1863 ఏప్రిల్ 21న ఘాట్ రైలు తెరుచుకుంది. ట్రెడ్‌వెల్ దంపతుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. నలభై రెండు వేల మందిలో ఎవరి పేరుందో వెతికి చూడండి.

నీలం నగర్ పుట్టుక ఇక్కడ ముడిపడి ఉంది. పుణె వైపు నుంచి వచ్చిన రైలు పట్టా 1860లోనే షోలాపూర్ చేరింది. కానీ నడుమ ఘాట్ దగ్గర దారి తెగి ఉంది. 1863లో ఘాట్ తెరుచుకున్నాకే షోలాపూర్ పత్తికి ముంబై రేవుతో తెగని దారి ఏర్పడింది. 1877లో మొదటి నూలు, నేత మిల్లు ఇక్కడ వెలిసింది. మన పద్మశాలి కుటుంబాలు అంతకుముందు కూడా ఈ ఊరికి వచ్చి మగ్గాలు వేసుకున్న మాట నిజమే. అయితే తెలంగాణ పల్లెల నుంచి తరాల తరబడి వలస సాగి, షోలాపూర్‌లో తెలుగు పేటల మీద తెలుగు పేటలు లేచింది మిల్లు, రైలు, నూలు అంగడి ఒకచోట చేరాకే. ఆ వరసలో చివర్న వచ్చిన పేటల్లో నీలం నగర్ ఒకటి. ఈ పేట పునాది రాళ్ళలో బోర్ ఘాట్ రాయి కూడా ఉందనుకోవచ్చు.

ఆ రాయి కొట్టిన చేతుల్లో తెలుగు చేతులు ఉండి ఉంటాయా అన్న ప్రశ్న రాక మానదు. మన ఊళ్ళోనే ఉన్న వడార్లను చూస్తే ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఒడ్డెర అనీ, మహారాష్ట్రలో వడార్ అనీ పిలిచే ఈ కులం వాళ్ళు తరతరాలుగా మట్టి తవ్వుతూ, రాయి కొడుతూ బతికారు. మట్టి వడార్, గాడి వడార్, పాథ్రట్ అన్న శాఖల పేర్లు వాళ్ళ పనులను బట్టి వచ్చినవే. 19వ శతాబ్దంలో దక్కనులో రైలు కట్టలు, చెరువులు, రోడ్లు ఎక్కడ పడితే అక్కడికి పిల్లాపాపలతో తరలిపోయి, పని పక్కనే గుడిసెలు వేసుకుని తవ్వారు. బయట మరాఠీ మాట్లాడినా ఇంట్లో వాళ్ళ మాట తెలుగు. మనం షోలాపూర్ తెలుగువాళ్ళమని చెప్పుకునేటప్పుడు మగ్గం మాటే తలుస్తాం. పలుగు పట్టిన తెలుగును మన లెక్కలో చేర్చుకోవడం లేదు.

ఇక మంచు కనుమల దగ్గరికి మళ్ళీ పోదాం. అక్కడ కూడా దక్షిణాది చేతులు ఉన్నాయి. కాశ్మీర్ నుంచి లదాఖ్‌కు పోయే దారిలో జోజి లా 3,528 మీటర్ల ఎత్తున ఉంది. 1948లో శత్రువులు ఆ కనుమను ఆక్రమించడంతో లేహ్‌కు రోడ్డు దారి తెగింది. సెప్టెంబర్‌లో కాల్బలంతో చేసిన దాడి ఫలించలేదు. అంత ఎత్తుకు టాంకులు పంపాలని జనరల్ తిమ్మయ్య నిర్ణయించాడు. టాంకులు పోవాలంటే దారి కావాలి. బాల్తాల్ నుంచి కనుమ మీదికి ఉన్నది కంచర గాడిదల బాట. దాన్ని టాంకు పట్టేంత వెడల్పు చేసింది మద్రాస్ సాపర్లు. బెంగుళూరు కేంద్రంగా ఉన్న ఆ ఇంజనీర్ల దళంలో తమిళులతో పాటు తెలుగు, కన్నడ, మలయాళ సైనికులు కలిసి పనిచేస్తారు. అక్టోబర్ చలిలో, శత్రువు తుపాకులకు అందే చోట, రాయి పేల్చి, మట్టి తోసి, మంచు తీసి వాళ్ళు దారి వేశారు. వాతావరణం బాగాలేక దాడి వాయిదా పడింది. 1948 నవంబర్ 1న ఏడవ కావల్రీ టాంకులు ఆ దారిన ఎక్కి కనుమను తిరిగి పట్టుకున్నాయి. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ కూడా చేతికి వచ్చాయి. జోజి లా అనగానే టాంకులు గుర్తొస్తాయి, న్యాయమే. ఎండ కాసే పల్లెల్లో పుట్టి, మంచు ముఖం ఎరగని సాపర్ కుర్రాళ్ళు ఆ టాంకుల ముందు నడిచారన్నది కూడా గుర్తుండాలి.

1960 మే 7న బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్ ఏర్పడింది. హిమాలయాల్లో సరిహద్దు రోడ్లు వేయడం, ఏటా వాటిమీది మంచు తీయడం ఆ సంస్థ చేతుల్లోకి వచ్చింది. మనాలి నుంచి లేహ్ దాకా సుమారు 475 కిలోమీటర్ల రోడ్డు దారిలో రోహ్తాంగ్ కన్నా ఎంతో ఎత్తైన బారాలాచా లా, తంగ్‌లంగ్ లా వంటి కనుమలను దాటిపోతుంది. 1989లో అది యాత్రికులకు తెరుచుకున్నాక దేశదేశాల సైకిళ్ళు దాని మీద ఎక్కడం మొదలైంది. జోజి లా ఒకప్పుడు ఏటా ఆరు నెలలు మూసి ఉండేది. యంత్రాలు పెరిగి, ఇటీవలి సంవత్సరాల్లో ఆ మూత ఒకటి రెండు నెలలకు తగ్గింది. కనుమ కింది నుంచి సొరంగం తొలిచే పనిని 2020లో హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ చేపట్టింది.

ఆ రోడ్ల మీద పార పట్టేవాళ్ళలో ఎక్కువమంది ఎక్కడివాళ్ళో తెలుసా? ఝార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతం వాళ్ళు. ఎండకు, వరి చేలకు అలవాటుపడ్డ మనుషులు. వసంతంలో బయలుదేరి లదాఖ్ చేరి, చలి మొదలయ్యాక ఇంటికి పోతారు. తండ్రి పోయిన దారినే కొడుకూ పోతాడు. 2020లో కరోనా కారణంగా రైళ్ళు ఆగిపోయినప్పుడు వాళ్ళు లేహ్‌లో చిక్కుపడ్డారు. మే నెలాఖరున వాళ్ళలో కొందరిని విమానంలో రాంచీకి చేర్చాక వాళ్ళ పేర్లు పత్రికల్లోకి ఎక్కాయి. అప్పటిదాకా అన్ని దశాబ్దాల రోడ్లు వేసినా ఎక్కని పేర్లు, ఇంటికి పోలేకపోయినందుకు ఎక్కాయి. పొట్ట చేతపట్టుకుని ఊరు విడిచి, పరాయి భాష నడుమ, పరాయి చలిలో పనిచేయడం అంటే ఏమిటో నీలం నగర్‌కు ఎవరూ వివరించనక్కర్లేదు. మన తాతలు వచ్చినది ఈ బాపతు బతుకుల్లోంచే.

వసంతపు మంచు గోడల మధ్య సైకిలు తొక్కేవాళ్ళను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎత్తులో ఊపిరి బిగబట్టి ఎక్కేవాడి కష్టం కష్టమే. మన పిల్లల్లో ఎవరైనా రేపు ఆ దారి ఎక్కితే మనమంతా సంతోషిస్తాం. చరిత్ర రాసే చోట మాత్రం లెక్క సరిగా ఉండాలి. దాటినవాడు ఒక్కసారి దాటతాడు, వాడి పేరు నిలుస్తుంది. తెరిచేవాడు ఏటా తెరుస్తాడు, వాడి పని కరిగే మంచుతో పాటే పోతుంది. రోడ్డు బాగుందన్న తంతి మిగులుతుంది, రోడ్డు బాగుచేసినవాడు మిగలడు.

దీనికి హిమాలయాల దాకా పోయి చేయవలసిన పని ఏమీ లేదు. మన పేటలోనే ఉంది. డెబ్బై, ఎనభై దాటిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళ తండ్రులు, తాతలు ఏ ఊరి నుంచి, ఏ దారిన, కాలినడకనా రైల్లోనా, ఎవరి వెంట వచ్చారో వాళ్ళకు తెలుసు. రోడ్డు పని, మట్టి పని, మిల్లు పని, మగ్గం పని, ఏది చేశారో, కూలి ఎంత అందిందో, కరువు ఏడు ఏం తిన్నారో వాళ్ళు చెప్పగలరు. వడార్ వాడల్లో రాళ్ళకు, పనిముట్లకు, దెబ్బ వేసే తీరులకు తెలుగు మాటలు ఉన్నాయి. అవి ఏ నిఘంటువులోకీ ఎక్కకుండానే పోతున్నాయి. ఇప్పుడు ఆ ఇళ్ళ పిల్లలు మరాఠీలో చదువుకుంటున్నారు, ఇంగ్లీషులో చదువుకుంటున్నారు. చదువుకోవాలి కూడా. కానీ ముసలాయన చెప్పేది తెలుగులో, దాన్ని రాసిపెట్టవలసినదీ తెలుగులోనే.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. ఒక నోటుపుస్తకం కొనండి. ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన ఒక సాయంత్రం కూర్చోండి. పేరు, ఊరు, వచ్చిన సంవత్సరం, చేసిన పని, వాడిన పనిముట్టు పేరు, ఇంతవరకైనా రాయండి. అక్షరదోషాల భయం వద్దు. మీకు రాయడం రాకపోతే రాయగల పిల్లవాణ్ణి కూర్చోబెట్టండి. మనలాంటి చిన్న పత్రికలు ఉన్నది అందుకే. బోర్ ఘాట్‌లో నలభై రెండు వేల పేర్లు పోయాయి, వాటిని ఇక తెచ్చుకోలేం. నీలం నగర్ పేర్లు ఇంకా పోలేదు.